పిల్లల ట్రాక్ కోసం పెద్ద యూనివర్సిటీనా, చిన్న కాలేజీనా? మేం తిరిగి చూసి తెలుసుకున్నది

అమెరికాలో హైస్కూల్లో ట్రాక్ అండ్ ఫీల్డ్ చేసే మన తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పదకొండో క్లాసుకి వచ్చేసరికి ఇంట్లో ఒకటే చర్చ, కాలేజీలో కూడా కంటిన్యూ చేయాలా, చేస్తే ఎక్కడ, పేరున్న పెద్ద యూనివర్సిటీ టీమ్‌లో చోటు కోసం ట్రై చేయాలా, లేకపోతే రెండు వేల మంది స్టూడెంట్లుండే చిన్న కాలేజీకి వెళ్ళాలా అని. మా పెద్దమ్మాయి విషయంలో ఏడాదిన్నర పాటు మేం ఇదే పని మీద ఉన్నాం, న్యూజెర్సీ నుంచి కారేసుకుని పదకొండు కాలేజీలు తిరిగాం. దానిది ట్రిపుల్ జంప్, 400 మీటర్ల హర్డిల్స్. కౌంటీ మీట్‌లో మెడల్ తెచ్చుకునేది, స్టేట్ మీట్‌కి వెళ్తే ఫైనల్ దాకా వచ్చేది కాదు. మన పిల్లల్లో ఎక్కువమంది ఈ లెవెల్లోనే ఉంటారు కాబట్టి వాళ్ళ అమ్మానాన్నల కోసమే రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా, కారణాలు తర్వాత చెప్తా. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం కాలేజీల్ని డివిజన్ 1, 2, 3 అని మూడుగా విడదీసింది. ఈ లెవెల్ పిల్లలకి డివిజన్ 1 యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండా వాక్ ఆన్‌గా చేరడం కన్నా డివిజన్ 3 చిన్న కాలేజీ చాలా మేలు, అయితే ఆ చిన్న కాలేజీలో మీ పిల్ల చేసే ఈవెంట్ నేర్పే మనిషి రోజూ గ్రౌండ్‌లో ఉంటారా లేదా అన్నది కళ్ళతో చూసుకోకుండా మాత్రం చేర్చకండి, మిగతావన్నీ దీని తర్వాతే.

డివిజన్ 1 అంటే టీవీలో కనిపించే పెద్ద స్కూళ్ళు. 2025 జూన్‌లో, కాలేజీ ఆటగాళ్ళకి డబ్బు చెల్లించే విషయం మీద నడిచిన హౌస్ కేసు సెటిల్మెంట్‌కి కోర్టు ఓకే చెప్పాక అక్కడ పరిస్థితి బాగా మారిపోయింది, ఇది చాలామంది పేరెంట్స్‌కి ఇంకా తెలీదు. అంతకుముందు ఎన్ని స్కాలర్‌షిప్‌లు ఇవ్వొచ్చు అన్నదానికి లిమిట్ ఉండేది కానీ టీమ్‌లో ఎంతమందిని పెట్టుకోవాలన్నదానికి లేదు, అందుకని కోచ్‌లు డబ్బు ఇవ్వకుండా చాలామందిని చేర్చుకునేవాళ్ళు, మనలాంటి వాళ్ళ పిల్లలకి అలా ఏదో ఒక మూల చోటు దొరికేది. ఇప్పుడు ఆ సెటిల్మెంట్‌లో చేరిన స్కూళ్ళలో ట్రాక్ టీమ్‌కి అబ్బాయిలు 45, అమ్మాయిలు 45, అంతే. స్ప్రింట్స్, హర్డిల్స్, జంప్స్, త్రోస్, లాంగ్ డిస్టెన్స్ అన్నీ కలిపి ఆ 45లోనే సర్దాలి. స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకున్నవాళ్ళకే చోటు చాలనప్పుడు వాక్ ఆన్ పిల్లని ఎంతకాలం ఉంచుతారు చెప్పండి. ఐవీ లీగ్ స్కూళ్ళు కూడా డివిజన్ 1లోనే ఉన్నాయి, అవి అథ్లెటిక్ స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు, ఆ సెటిల్మెంట్‌లోనూ చేరలేదు, కానీ అక్కడ అడిగే దూరాలూ టైములూ చదువులో మార్కులూ రెండూ ఒకేసారి ఉన్న పిల్లలు చాలా తక్కువ.

డివిజన్ 2లో స్కాలర్‌షిప్ ఉంటుంది, ట్రాక్‌కీ క్రాస్ కంట్రీకీ కలిపి అబ్బాయిల టీమ్‌కి 12.6, అమ్మాయిల టీమ్‌కి 12.6. ఆ దశాంశం చూసి కంగారు పడకండి, పన్నెండున్నర చిల్లర ఫుల్ స్కాలర్‌షిప్‌ల డబ్బుని కోచ్ ముప్పై నలభై మందికి ముక్కలు చేసి పంచుతారన్నమాట, అది కూడా ఆ కాలేజీ బడ్జెట్ అంతదాకా ఇస్తేనే. మా ఆడపడుచు కొడుకు షాట్‌పుట్ వేస్తాడు, వాడికి ట్యూషన్‌లో నాలుగో వంతు ఇస్తామన్నారు, వాడికి అది సరిపోయింది, చేరాడు, బాగున్నాడు. త్రోయర్లకీ, మంచి డిస్టెన్స్ రన్నర్లకీ ఇది చూడదగ్గ దారి. ఎన్ఏఐఏ అని ఇంకో సంఘం ఉంది, ఎక్కువగా చిన్న ప్రైవేట్ కాలేజీలు, వాళ్ళూ స్కాలర్‌షిప్ ఇస్తారు, మేం అటు పెద్దగా చూడలేదు.

ఇక డివిజన్ 3. ఇందులో 430 దాకా కాలేజీలున్నాయి, మూడింట్లో ఇదే పెద్దది. ఆటకి ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, రూలే అది. మనవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు, స్కాలర్‌షిప్ లేదంటే తక్కువ రకం కాలేజీలేమో అనుకుంటారు. ఎంఐటీ డివిజన్ 3. అమ్హర్స్ట్, విలియమ్స్, జాన్స్ హాప్కిన్స్ అన్నీ ట్రాక్‌లో డివిజన్ 3నే. ఎంఐటీ అమ్మాయిల టీమ్ 2024-25 ఒక్క ఏడాదిలోనే క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్ మూడు నేషనల్ టైటిళ్ళూ గెలిచింది. నిక్ సిమ్మండ్స్ అనే 800 మీటర్ల రన్నర్ ఒరెగాన్‌లో విల్లామెట్ అనే చిన్న కాలేజీలో చదివి 7 డివిజన్ 3 టైటిళ్ళు గెలిచి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కి వెళ్ళాడు, 2013 మాస్కో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో సిల్వర్ తెచ్చుకున్నాడు. మన పిల్లలు అంతవాళ్ళవుతారని చెప్పట్లేదు, అక్కడ నేర్పేది అసలైన ట్రాకేనని చెప్తున్నా.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మేం మొదట తప్పు చేసింది ఇక్కడే. ప్రైవేట్ చిన్న కాలేజీల వెబ్‌సైట్ తెరిస్తే హాస్టలూ భోజనంతో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిన అంకె కనిపిస్తుంది, మా ఆయన అది చూసి లాప్‌టాప్ మూసేశారు. అది చాలామంది కట్టే అంకె కాదని తర్వాత తెలిసింది. ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ అని ఉంటుంది, చట్టప్రకారం పెట్టి తీరాలి, మీ ఆదాయం, ఇల్లు, సేవింగ్స్ వివరాలు పెడితే సుమారుగా మీకెంత పడుతుందో చెప్తుంది. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేసే ఇంటికి అమ్హర్స్ట్ లాంటి టాప్ కాలేజీలో పెద్దగా తగ్గకపోవచ్చు, ఎందుకంటే అవి అవసరాన్ని బట్టే ఇస్తాయి, మెరిట్ కింద ఇవ్వవు. వాటి కింది వరసలో ఉండే కాలేజీలు మాత్రం మంచి గ్రేడ్లున్న పిల్లకి మెరిట్ కింద బాగానే తగ్గిస్తాయి. మాకు ఒక చోట సగానికి సగం తగ్గింది, దానికీ ట్రిపుల్ జంప్‌కీ సంబంధం లేదు, పూర్తిగా దాని గ్రేడ్ల మీదే.

ఇంకోటి, డివిజన్ 3 అంటే ప్రైవేట్ కాలేజీలే అనుకోకండి. న్యూజెర్సీలో ఉండేవాళ్ళకి ద కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ, రోవన్, మాంట్‌క్లెయిర్ స్టేట్, స్టాక్టన్ ఇవన్నీ ప్రభుత్వ కాలేజీలు, డివిజన్ 3, ఇన్ స్టేట్ ఫీజు. విస్కాన్సిన్‌లో లా క్రాస్, న్యూయార్క్‌లో జెనసియో కూడా అంతే. మన ఎడిసన్ ఏరియాలో ట్రాక్ చేసే పిల్లలున్న ఇళ్ళల్లో ఈ లిస్టు ముందు చూడాలి, పెద్ద స్టేట్ యూనివర్సిటీ రట్గర్స్‌లో సీటు వస్తే చాలు అనుకుని వీటిని అసలు తలుచుకోరు.

హెచ్1బీ మీద ఉన్న కుటుంబాలకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పిల్ల హెచ్4 మీద ఉంటే ఫాఫ్సా అనే అప్లికేషన్ ద్వారా వచ్చే ఫెడరల్ సాయం రాదు, చాలా ప్రైవేట్ కాలేజీలు సాయం విషయంలో వాళ్ళని ఇంటర్నేషనల్ స్టూడెంట్ కిందే చూస్తాయి, ఇక్కడే పుట్టినట్టు పెరిగినా సరే. డబ్బు సాయం అడిగితే సీటు మీద ప్రభావం పడని కాలేజీలు ఇంటర్నేషనల్ పిల్లలకి చాలా తక్కువ, డివిజన్ 3లో ఎంఐటీ, అమ్హర్స్ట్, బౌడిన్ ఆ కొద్దిపాటిలో ఉన్నాయి. డివిజన్ 2, ఎన్ఏఐఏ ఇచ్చే అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌కి మాత్రం వీసా అడ్డు రాదు. అంటే సిటిజన్ పిల్లకి డివిజన్ 3 చవకగా పడే చోట, హెచ్4 పిల్లకి డివిజన్ 2 చవకగా పడొచ్చు. మా అక్క వాళ్ళింట్లో సరిగ్గా ఇదే జరిగింది, ఇద్దరు పిల్లలకి రెండు వేర్వేరు లెక్కలు. 21 ఏళ్ళు నిండేలోపు ఎఫ్1కి మారే సంగతి కూడా అప్పుడే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, కోచ్. చిన్న కాలేజీల్లో హెడ్ కోచ్ ఒక్కరే ఫుల్ టైమ్ ఉండటం మామూలే, ఆయనే ఆగస్టు నుంచి క్రాస్ కంట్రీ, డిసెంబర్ నుంచి ఇండోర్, మార్చి నుంచి మే దాకా అవుట్‌డోర్ అన్నీ చూస్తారు, ఎక్కువగా ఆయన డిస్టెన్స్ రన్నింగ్ నుంచి వచ్చినవారై ఉంటారు. జంప్స్‌కీ త్రోస్‌కీ పోల్‌వాల్ట్‌కీ పార్ట్ టైమ్ మనుషులు. ఆ పార్ట్ టైమ్ మనిషి ఎవరు, వారానికి ఎన్ని రోజులొస్తారు, ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఈ మూడూ అడగాలి. ఒక కాలేజీకి వెళ్ళాం, పేరు రాయను, కొత్తగా వేసిన నీలం రంగు ట్రాక్, తళతళలాడిపోతోంది, వెయిట్ రూమ్ చూస్తే పెద్ద యూనివర్సిటీదిలా ఉంది, స్టాఫ్ పేజీలో జంప్స్ కోచ్ పేరు ఉంది. మా అమ్మాయి అప్పటికే మనసులో అక్కడ చేరిపోయింది. ప్రాక్టీస్ చూస్తామని అడిగి మరీ ఆగితే జంపర్లు నలుగురు వాళ్ళంతట వాళ్ళే ఫోన్లో వీడియో తీసుకుంటూ దూకుతున్నారు. కోచ్ గారేరీ అని అడిగితే ఒకమ్మాయి మొహమాటపడుతూ చెప్పింది, ఆయన ఉద్యోగం మారి జనవరిలోనే వెళ్ళిపోయారు, ఈ సీజన్‌కి ఎవరినీ తీసుకోలేదు అని. మాతో అరగంట మాట్లాడిన హెడ్ కోచ్ ఆ ముక్క చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అమ్మాయి రెండు గంటలు ఏం మాట్లాడలేదు.

దానికి మూడు వారాల తర్వాత పెన్సిల్వేనియాలో ఇంకో కాలేజీకి వెళ్ళాం. మార్చి నెలాఖరు, బుధవారం సాయంత్రం, గాలి ఈడ్చి కొడుతోంది, ట్రాక్ పాతది, ఒకటో లేన్ అరిగి నల్లబడిపోయి ఉంది. ఇసుక పిట్ పక్కన జంప్స్ కోచ్, అరవై దగ్గర ఉంటాయి ఆయనకి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చిన ప్రతిసారీ చివరి రెండడుగులు ఎక్కడ పడ్డాయో రన్‌వే మీద సుద్దముక్కతో గీత గీస్తున్నారు. ఆరుసార్లు పరిగెత్తింది. అప్పుడు పిలిచి ఆ గీతలు చూపించారు, ఏమీ అనలేదు. ఆ పిల్లే కాసేపు చూసి, బోర్డు (దూకేముందు చివరి అడుగు పడాల్సిన పలక) అందుకోవడానికి చివర్లో అడుగు సాగదీస్తున్నా కదా అంది. ఆయన తల ఊపి, టేపు తీసి స్టార్టింగ్ మార్క్ ఒక అడుగు ముందుకి జరిపారు. ఏడోసారి అడుగు సరిగ్గా బోర్డు మీద పడింది. మా అమ్మాయి కంచె పట్టుకుని నిలబడి అదంతా చూసింది, చలికి ముక్కు ఎర్రగా అయిపోయింది, కారెక్కుదాం రా అంటే రాదు. ఆయన ఆ కాలేజీలో పందొమ్మిదేళ్ళుగా ఉన్నారట, పార్ట్ టైమే, కానీ వారానికి ఐదు రోజులొస్తారు, మధ్యాహ్నం దాకా దగ్గర్లో హైస్కూల్లో లెక్కలు చెప్తారు.

అందుకే ట్రాక్ రంగూ వెయిట్ రూమూ చూసి పడిపోవద్దంటున్నా. 400 హర్డిల్స్‌లో 1976, 1984 ఒలింపిక్స్ రెండింట్లో గోల్డ్ కొట్టిన ఎడ్విన్ మోజెస్ అట్లాంటాలో మోర్‌హౌస్ కాలేజీకి చదువు స్కాలర్‌షిప్ మీద వెళ్ళాడు, అప్పుడు ఆ కాలేజీకి సొంత ట్రాకే లేదు, ఊళ్ళో హైస్కూల్ ట్రాకుల మీద ప్రాక్టీస్ చేసేవాడు. అలాగని వసతులు అస్సలు అక్కర్లేదనీ కాదు, ఈవెంట్‌ని బట్టి ఉంటుంది. పోల్‌వాల్ట్ పిల్లకి పిట్ మంచిది లేకపోతే ప్రమాదం. హ్యామర్ త్రోకి చుట్టూ సరైన కేజ్, పక్కన సాకర్ టీమ్ లేని ఖాళీ గ్రౌండ్ కావాలి. చలి ప్రాంతాల్లో ఇండోర్ ట్రాక్ లేకపోతే స్ప్రింటర్లు ఫిబ్రవరి అంతా జిమ్ కారిడార్లలో పరిగెడతారు, మేం ఒకచోట అది కూడా చూశాం. డిస్టెన్స్ రన్నర్‌కి మాత్రం మంచి రోడ్లు, ట్రెయిల్స్, తనతో కలిసి పరిగెత్తే ఐదారుగురు ఉంటే చాలు.

కోచ్‌తో మాట్లాడే ముందే ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఒకటుంది. టీఎఫ్‌ఆర్‌ఆర్‌ఎస్ అనే సైట్‌లో కాలేజీ రిజల్ట్స్ ఉంటాయి, ఫ్రీగా చూడొచ్చు. ఆ కాలేజీ ఉన్న కాన్ఫరెన్స్, అంటే తమలో తాము పోటీపడే కాలేజీల గుంపు, దాని అవుట్‌డోర్ ఛాంపియన్‌షిప్ తీసి మీ పిల్ల ఈవెంట్‌లో ఎనిమిదో స్థానం ఎంతకి వచ్చిందో చూడండి, చాలా కాన్ఫరెన్స్‌లలో మొదటి 8 మందికీ 10, 8, 6, 5, 4, 3, 2, 1 అని పాయింట్లొస్తాయి. మీ పిల్ల ఇప్పటి దూరం ఆ ఎనిమిదో స్థానానికి దగ్గర్లో ఉంటే కోచ్‌కి నిజంగా అవసరం, మెయిల్‌కి జవాబొస్తుంది. మా అమ్మాయి 36 అడుగులు దూకేది, అంటే 10.97 మీటర్లు, డివిజన్ 1 కోచ్‌లు ఆ నంబర్ చూసి మర్యాదగా ఒక ఫామ్ లింక్ పంపారు, అదే నంబర్‌తో రెండు డివిజన్ 3 కాన్ఫరెన్స్‌లలో ఫైనల్‌కి చేరొచ్చు అని తెలిశాక మా లిస్టు సగానికి తగ్గిపోయింది. అదే సైట్‌లో ఇంకోటి చూడండి, ఇప్పుడు థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్ళు ఫస్ట్ ఇయర్‌లో ఎంత చేశారు, ఇప్పుడెంత చేస్తున్నారు. నాలుగేళ్ళలో నంబర్లు పెరిగిన టీమ్‌లో నేర్పుతున్నట్టు, ఎక్కడివక్కడే ఉంటే లేనట్టు. మొదటి ఏడాది ఇరవై మంది, చివరి ఏడాది నలుగురు మిగిలిన టీమ్ కనిపిస్తే ఎందుకు మానేశారో అక్కడి పిల్లల్నే అడగండి.

అబ్బాయిల విషయంలో హైస్కూల్ నంబర్లని నేరుగా పోల్చకండి. హైస్కూల్ షాట్ 12 పౌండ్లు, కాలేజీలో 16, అంటే 5.44 కిలోల నుంచి 7.26కి. డిస్కస్ 1.6 నుంచి 2 కిలోలు. 110 మీటర్ల హర్డిల్ 39 అంగుళాల నుంచి 42కి పెరుగుతుంది. మొదటి ఏడాది నంబర్లు పడిపోవడం మామూలే, అది తెలియక పిల్లాడు డీలా పడిపోతాడు. అమ్మాయిలకి షాట్ 4 కిలోలు, డిస్కస్ 1 కిలో మారవు, 100 మీటర్ల హర్డిల్ 33 అంగుళాలే, మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ దాటేది కూడా ఆ ఎత్తే. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్లో ఉండే 300 హర్డిల్స్ మాత్రం కాలేజీలో 400 అవుతుంది, ఆ చివరి వంద మీటర్లే ప్రాణం తీస్తాయని మా పిల్ల ఇప్పటికీ అంటుంది. హ్యామర్ చాలా రాష్ట్రాల్లో హైస్కూల్లో ఉండదు, కాబట్టి కొత్తగా మొదలుపెట్టే బలమైన అమ్మాయిలకీ అబ్బాయిలకీ చిన్న కాలేజీలో అది మంచి అవకాశం, నేర్పే మనిషి ఉంటే.

చదువు వైపు చూస్తే ప్రీమెడ్, ఇంజనీరింగ్ పిల్లలకి మధ్యాహ్నం ల్యాబులే సమస్య. ప్రాక్టీస్ సాయంత్రం 4 నుంచి 6, కెమిస్ట్రీ ల్యాబ్ 1 నుంచి 5. చాలా డివిజన్ 3 కాలేజీల్లో ల్యాబ్ ఉన్న రోజు పిల్ల ఒక్కతే తర్వాత వచ్చి చేసుకుంటుంది, కోచ్ ఆగి ఉంటారు లేదా వర్కవుట్ రాసిపెడతారు. కోచ్‌ని కాదు, టీమ్‌లో బయాలజీ చేసే థర్డ్ ఇయర్ అమ్మాయిని అడగండి ఇది. పెద్ద స్కూల్లో వాక్ ఆన్ పిల్లకి ఇలాంటి సర్దుబాటు అడిగే ధైర్యం ఎక్కడుంటుంది, ఎప్పుడు తీసేస్తారో అన్న భయమే సరిపోతుంది. పెద్ద యూనివర్సిటీలో చేరి క్లబ్ టీమ్‌లో పరిగెత్తడం కూడా ఒక దారే, చదువు కోసం పెద్ద స్కూలే కావాలనుకునే పిల్లకి అది బాగుంటుంది, చలాకీగా కూడా ఉంటారు, కానీ టెక్నిక్ ఉన్న ఈవెంట్లకి అక్కడ నేర్పేవాళ్ళు దొరకడం కష్టం.

ఇంకో విషయం చెప్పడానికి మనసు రాదు కానీ చెప్పాలి. చిన్న కాలేజీలు మూతపడుతున్నాయి. అలబామాలో బర్మింగ్‌హామ్ సదర్న్ కాలేజీ 2024 మే 31న మూసేశారు, ఆ రోజుకి వాళ్ళ బేస్‌బాల్ టీమ్ డివిజన్ 3 వరల్డ్ సిరీస్‌లో ఆడుతోంది. కాబట్టి కోచ్ ఎంత మంచివారైనా, ఐదేళ్ళుగా అడ్మిషన్లు తగ్గుతున్నాయా, డిపార్ట్‌మెంట్లు మూసేస్తున్నారా, ఈ మధ్య ఏదైనా స్పోర్ట్ తీసేశారా అని లోకల్ పేపర్లు చూసుకోండి. రోస్టర్‌లో, అంటే టీమ్ లిస్టులో, 120 మంది కనిపిస్తే కూడా అడగండి, కాన్ఫరెన్స్ మీట్‌కి అందులో ఎంతమందిని తీసుకెళ్తారు అని. కొన్ని చోట్ల ఫీజు కట్టే పిల్లలు కావాలని టీమ్ నింపుతారు, అలాంటి చోట మీ పిల్ల నాలుగేళ్ళూ ఇంటి దగ్గర మీట్లలోనే ఉండిపోతుంది. మా అమ్మాయి కాలేజీ పెద్దది కాదు, అయినా రెండో ఏడాదే 4x400 రిలేలో పెన్ రిలేస్‌కి వెళ్ళింది, 1895 నుంచి జరుగుతున్న మీట్ అది, ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో ఆ జనం మధ్యలో బ్యాటన్ అందుకుంటుంటే పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకు కళ్ళు మసకబారాయి.

పిల్లని కూడా ఒకటి అడగండి, నువ్వు కాలు మడతపడి ఏడాది దూకలేకపోతే ఈ కాలేజీలో ఉంటావా అని. మా దాన్ని అడిగితే నీలం ట్రాక్ కాలేజీకి ఆలోచించింది, పెన్సిల్వేనియా కాలేజీకి వెంటనే ఉంటా అంది.

టైము సంగతి. డివిజన్ 1, 2 ట్రాక్ కోచ్‌లు పదో క్లాసు అయ్యాక జూన్ 15 నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు, డివిజన్ 3 కోచ్‌లకి మెయిల్ ఎప్పుడు రాసినా జవాబివ్వొచ్చు, కానీ ఆ మెయిల్ పిల్లే రాయాలి, మీరు రాస్తే అక్కడే తెలిసిపోతుంది. ఈవెంట్, నంబర్, ఏ మీట్‌లో చేసింది, గ్రేడ్లు, ఒక వీడియో, ఐదు లైన్లు చాలు. పదకొండో క్లాసు అయిపోయిన జులైలో పేరున్న డివిజన్ 3 కాలేజీల కోచ్‌లు పిల్ల గ్రేడ్లు తీసుకెళ్ళి అడ్మిషన్ ఆఫీసుకి ముందుగా చూపిస్తారు, ప్రీ రీడ్ అంటారు. అడిగితే చాలా చోట్ల డబ్బు సాయం లెక్క కూడా అప్పుడే చేసి పెడతారు, అది తప్పకుండా అడగండి. ప్రీ రీడ్ బాగుంటే కోచ్ ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేయమంటారు, గడువు ఎక్కువగా నవంబర్ 1 లేదా 15. సీటు వస్తే చేరి తీరాలి, వేరే కాలేజీ అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. ఆ ఒప్పందం మీద పిల్లతో పాటు మీరూ సంతకం పెట్టాలి, కాబట్టి కోచ్ ఫోన్లో చెప్పిన మాట సరిపోదు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి ఏడాదికి మీకెంత పడుతుందో మెయిల్‌లో వచ్చాకే పెన్ను తీయండి.